ఖాళీ కాంటా

కాంటా మీద ఏమీ లేదు. కంప్యూటర్ తెర మీద ఐదు సున్నాలు. కిటికీ పక్కన ఇండికేటర్ డబ్బాలో ఎర్ర అంకెల్లోనూ అవే ఐదు సున్నాలు.

"మంచిగనే వస్తుంది గద సార్" అన్నాడు కాంటా దగ్గర కూర్చునే పిల్లగాడు.

అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది. తాండూరులో బండల పాలిష్ మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. నాకేమో వికారాబాద్ బండి అందుకోవాలన్న తొందర. అయినా పనిని గాలికొదిలి పోయే మనిషిని కాననుకుని, "ఏదన్నా బండి ఎక్కించు తమ్మీ, చూసిపోతా" అన్నాను. లోడు దించి వస్తున్న ఖాళీ లారీ ఒకటి మెల్లగా వచ్చి ఎక్కింది. డబ్బాలో 6530. తెర మీద 6530. కిలో తేడా లేదు. ఖాళీ బరువు రాసుకోవడం, చిట్టీ కొట్టడం, పైసలు తీసుకోవడం, స్టేషన్‌కు ఆటో ఎక్కడం పావుగంటలో అయిపోయాయి. రుక్మాపూర్ దాటకముందే నిద్ర పట్టింది.

నా బతుకు ఈ నలభై కిలోమీటర్ల మధ్యే గడుస్తుంది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా కాంటాలు, పప్పు మిల్లులు, బండల యూనిట్లలో కంప్యూటర్ మొరాయిస్తే నాకు ఫోన్ వస్తుంది. తాండూరులో యంత్రాల పెద్ద శత్రువు వైరస్ కాదు, నాపరాయి పొడి. బండ కోసినప్పుడు లేచే ఆ తెల్లటి పిండి ఫ్యాన్లలోకి పోయి గట్టిపడి, చివరికి లోపలి చల్లగాలిని ఆపేస్తుంది. ఈ కాంటాలో పాత కంప్యూటర్ అట్లాగే పోయింది. దాని బదులు ఒక సెకండ్‌హ్యాండ్ డబ్బాలో లినక్స్ వేసి, ఇండికేటర్ నుంచి వచ్చే తీగను యూఎస్‌బీ కన్వర్టర్‌కు తగిలించి, బరువు చదివి చిట్టీ కొట్టే చిన్న ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. కాబట్టి ముందే చెప్తున్నాను, ఈ కథలో తప్పు ఇంకెవరిదీ కాదు.

ఆ తీగ గురించి కొంచెం చెప్పాలి. దాన్ని సీరియల్ లైన్ అంటారు. లోపల పనికొచ్చేవి మూడే పోగులు. ఒకటి మాట్లాడటానికి, ఒకటి వినటానికి, ఒకటి ఇద్దరికీ కలిపి నేల. కొన్ని జతల్లో రెండో పిన్నును మూడుకీ, మూడో పిన్నును రెండుకీ అడ్డంగా మార్చి కలపాలి. నా నోరు నీ చెవికి తగలాలి కదా. ఈ పని చేసేవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా నోటికి నోరూ చెవికి చెవీ కలిపేసి, రెండు గంటలు కూర్చుని బుర్ర గోక్కోనివాడు ఉండడు.

యునిక్స్ కుటుంబానికి చెందిన యంత్రాల్లో దాదాపు అన్నీ ఫైళ్ళలాగే కనిపిస్తాయి. ఈ తీగ కూడా ఒక ఫైలే, దాని పేరు టీటీవైతో మొదలవుతుంది. టీటీవై అంటే టెలిటైప్, అంటే తంతి తీగకు తగిలించిన టైపు మిషను. ఆ మిషన్లు మ్యూజియంలకు పోయాయి, పేరు మాత్రం మా కాంటా గదిలో మిగిలింది. తీగ వేగాన్ని కొలిచే బాడ్ అనే మాట కూడా ఎమిల్ బోడో అనే ఫ్రెంచి తంతి ఉద్యోగి పేరు నుంచి వచ్చింది. ఆయన తన అచ్చు తంతి యంత్రానికి 1874లో పేటెంటు తీసుకున్నాడు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మా ఊళ్ళ మీదుగా నడిచింది కూడా 1874లోనే. రెంటికీ సంబంధమేమీ లేదు. కాని రాత్రి పూట కిటికీ పక్కన కూర్చుని ఆ రైలులోనే ఇంటికి పోతూ బోడో పేరుతో పొట్ట పోసుకునేవాడికి ఇట్లాంటివి గుర్తుండిపోతాయి.

బోడో యంత్రంలో ఒక ముచ్చట నాకు భలే ఇష్టం. తంతి గుమాస్తా ముందు ఐదే మీటలు. ఆ ఐదింటిని రకరకాలుగా నొక్కితే అక్షరాలన్నీ వస్తాయి. కాని తన ఇష్టమొచ్చినప్పుడు నొక్కితే కుదరదు. యంత్రం టక్ మని చప్పుడు చేస్తుంది, ఆ తాళానికే నొక్కాలి. తాళం తప్పితే అవతలి ఊళ్ళో వేరే అక్షరం పడుతుంది. ఆ గుమాస్తాలు ఒక విధంగా డప్పు కళాకారులే అనుకుంటాను.

మా సీరియల్ లైన్‌లో ఆ టక్ కూడా లేదు. తాళం వేసే తీగ వేరుగా ఉండదు. ఇవతలి యంత్రం, అవతలి యంత్రం ఎవరి గడియారం వాళ్ళు పట్టుకుని, ముందే ఒప్పుకున్న వేగంతో లెక్కపెట్టుకోవాలి. సెకనుకు 2400 అని ఒప్పుకుంటే ఒక్కో బిట్టుకు దొరికే సమయం సెకనులో రెండువేల నాలుగువందలో వంతు. అది కాక ఒక అక్షరానికి ఎన్ని బిట్లు, లెక్క సరిచూసుకునే బిట్టు ఉందా లేదా, చివర ఆగే బిట్లెన్ని అన్నవి కూడా ముందే తెలిసి ఉండాలి. తీగ మీద ఎవరూ ఇవి చెప్పరు, ఎవరూ అడగరు. మాట మొదలవక ముందే తేలిపోవలసిన సంగతులు.

తెల్లారి ఏడింటికే ఫోన్. పిల్లగాడి గొంతులో నవ్వాపుకుంటున్న వణుకు.

"సార్, లారీ అరవై కిలోలు చూపిస్తుంది."

రాత్రి ఎక్కిన లారీయే పొద్దున బండల లోడుతో వచ్చిందట. డబ్బాలో 16280. తెర మీద 60. నా ప్రోగ్రాం ఏ మాత్రం సంకోచించకుండా అరవై నుంచి ఖాళీ బరువు 6530 తీసేసి, నికరం మైనస్ 6470 అని చిట్టీ కొట్టేసింది. వెనక నుంచి డ్రైవర్ అరుపు నాకు ఫోన్‌లోనే వినిపించింది. "నా ఒక్కని బరువే డెబ్బై ఉంటది! గీ లెక్కన సేటే నాకు ఆరున్నర టన్నుల బండలు బాకీ!"

మొదటి బండికే తాండూరు చేరాను. కాంటా ముందు నాలుగు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. కాంటా సేటు ఏమీ అనలేదు, చాయ్ తెప్పించాడు. ఏమీ అనకుండా చాయ్ తెప్పించే మనుషులే నాకు ఎక్కువ భయం.

రెండో లారీ 12350. తెర మీద 350. మూడోది 14870. తెర మీద ఒకే ఒక్క సున్నా. పద్నాలుగు టన్నుల పైచిలుకు బండలు కళ్ళెదుట ఉండగా నా కంప్యూటర్ కాంటా ఖాళీ అంటోంది. నాలుగోది చిన్న బండి, 9360. తెర మీద 9360. ఇదిగో, ఇక్కడే మతి పోతుంది. తీగ వదులైతే అన్నీ తప్పు రావాలి. వేగం తప్పైతే అన్నీ చెత్త రావాలి. కొన్ని లారీలకు సత్యహరిశ్చంద్రుడు, కొన్నింటికి నక్షత్రకుడు!

బయట పేర్చిన బండల మీద కూర్చుని, ఒక కాంటా చిట్టీ వెనక అంకెలు రాసుకున్నాను. క్షేమంగా చేరుతున్నవి 0, 3, 5, 6, 9. దారిలో మాయమవుతున్నవి 1, 2, 4, 7, 8. ఇది పొద్దున పేపర్లో వచ్చే పజిల్ లాంటిదే. సరి బేసి కాదు, చిన్నా పెద్దా కాదు. చాయ్ చల్లారాక తట్టింది. కంప్యూటర్లు ఒక్కో అంకెను ఏడు గళ్ళలో ఒకట్లూ సున్నాలుగా రాస్తాయి. '3' అనే అక్షరంలో ఒకట్లు నాలుగు. '5'లో నాలుగు, '6'లో నాలుగు, '9'లో నాలుగు. '0'లో రెండు. అన్నీ సరి సంఖ్యలు. '1', '2', '4', '8' తీసుకుంటే ఒకట్లు మూడేసి. '7'లో ఐదు. అన్నీ బేసి.

అంటే ఆ ఇండికేటర్ ఏడు గళ్ళ అక్షరం రాసి, ఎనిమిదో గడిలో ఒక కాపలా బిట్టు పెడుతోంది. దాన్ని పారిటీ అంటారు. ఒకట్ల లెక్క ఎప్పుడూ సరి సంఖ్యగా ఉండేలా, అవసరమైతే ఆ గడిలో ఒకటి వేస్తుంది. దారిలో ఏదైనా బిట్టు తారుమారైతే లెక్క బేసి అయి తెలిసిపోవాలని ఆ ఏర్పాటు. నేనేమో ఎనిమిది గళ్ళూ అక్షరమే, కాపలా ఎవరూ లేరు అని నా వైపు రాసిపెట్టాను. కాపలావాడు లేచి నిలబడ్డ ప్రతిసారీ నా కంప్యూటర్ వాణ్ణి కూడా అక్షరంలో భాగం అనుకుని, ఇదేదో తెలియని గుర్తు అని చూసింది. అంకె కానిదాన్ని పారేయమని నా ప్రోగ్రాంకు నేనే చెప్పాను కాబట్టి అది పారేసింది. తప్పు ఎందుకు పట్టుబడలేదంటారా? ఏడూ ఒకటీ ఎనిమిదే కదా. ముందొకటి, వెనకొకటి కలిపితే రెండు పద్ధతుల్లోనూ మొత్తం పది బిట్లే. గది కొలత సరిపోయింది, మధ్య గోడ ఎక్కడుందో ఎవరూ చూడలేదు.

సున్నాలో ఒకట్లు రెండే. అందుకని ఖాళీ కాంటా ఎప్పుడూ సరిగ్గానే కనిపించింది. 6530లో ఉన్న నాలుగు అంకెలూ మంచి జాతివే. ఆ రాత్రి ఎక్కిన లారీ 6540 ఉన్నా నేను పట్టుకునేవాణ్ణి.

ఫోన్‌లో ఒక మిత్రుడు సులువు మార్గం చెప్పాడు. యునిక్స్‌లో ఎస్‌టీటీవై అనే ఆజ్ఞకు ఇస్ట్రిప్ అని ఒక మాట జోడిస్తే, వచ్చిన ప్రతి అక్షరం నుంచి ఎనిమిదో బిట్టును నరికి పారేస్తుంది. ఇంకేం, అన్ని అంకెలూ సరిగ్గా వస్తాయి. చేస్తే ఐదు సెకన్ల పని. నేను చేయలేదు. కాపలావాడి తల తీసేసి ఊరు ప్రశాంతంగా ఉందనడం నాకు నచ్చదు. పాలిష్ మోటార్ల పక్కన నడిచే తీగ అది, ఏదో ఒకనాడు నిజంగానే బిట్టు తారుమారవుతుంది. ఏడు బిట్లు, సరి పారిటీ, ఒక ఆగే బిట్టు అని నా వైపే సరిచేశాను. నాలుగు లారీలకూ మళ్ళీ చిట్టీలు కొట్టాం. మొదటి లారీ నికరం 9750.

అసలు నేను ఎనిమిది అని ఎందుకు రాశాను? ఇండికేటర్ పుస్తకం ఎప్పుడో పోయింది. ఆ ఒప్పందం తెలిసింది పాత కంప్యూటర్ ఒక్కదానికే, అది చచ్చిపోయింది. నేనేమో అందరూ రాసేదే రాశాను. 'ఎనిమిది, పారిటీ లేదు, ఒకటి' అన్నది మా వృత్తిలో 'అంతా బాగున్నారా' అన్నట్టు అలవాటుగా నోటి నుంచి వచ్చేస్తుంది. జవాబు వినాలని ఎవరూ అడగరు.

ఇందులో వెక్కిరింత ఏమిటంటే ఇదంతా జరిగింది తాండూరులో. కర్ణాటక పక్కనే ఉన్న ఊరు. కందులమ్ముకోవడానికి వచ్చే రైతు కన్నడం మాట్లాడొచ్చు, తెలుగు మాట్లాడొచ్చు, ఉర్దూ మాట్లాడొచ్చు, ఒకే వాక్యంలో మూడూ మాట్లాడొచ్చు. కొట్టులో కూర్చున్నవాడు మొదటి మాటకే పసిగడతాడు. "క్యా భాయ్" అని మొదలుపెట్టి, ఎదుటివాడి మొహంలో ఒక వెంట్రుకవాసి మార్పు చూసి "ఏం పటేలా, ఎట్లున్నవ్" అంటాడు, లేదంటే "బర్రి, కూడ్రి" అని కుర్చీ జరుపుతాడు. ఎవరూ ఎవరినీ 'మీకు ఏ భాష వచ్చు' అని అడగరు. ఇంత తెలివైన ఊళ్ళో, ఇద్దరికీ చెరొక భాష ఇచ్చి, ఇద్దరి నోళ్ళకూ తీగ కట్టి, ఏమీ అనుకోకుండా మాట్లాడుకోండని నేను వదిలేశాను.

సీరియల్ తీగ మీద ఇంటర్నెట్ నడపడానికి తొలినాళ్ళలో పుట్టిన పద్ధతి కూడా ఇట్లాంటిదే. దాని పేరు స్లిప్. రిక్ ఆడమ్స్ అనే ఆయన 1984 ప్రాంతంలో దాన్ని బర్క్‌లీ యునిక్స్‌లోకి ఎక్కించాడు, 1988లో కాగితం మీద పెట్టాడు. ఆ పత్రానికి ఆయనే పెట్టుకున్న పేరులో ఇది ప్రమాణం కానిది అని ఉంటుంది. అంత నిజాయితీ సాంకేతిక పత్రాల్లో అరుదు. స్లిప్‌లో అసలు నియమం ఒక్కటే: ఒక మూట అయిపోగానే 192 అనే సంఖ్య పంపు. మూటలోనే 192 వస్తే దాని బదులు వేరే రెండు గుర్తులు పంపు. అంతే. నీ చిరునామా ఏమిటి, నా చిరునామా ఏమిటి అన్నది ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. దారిలో చెడిపోతే తెలుసుకునే దారి లేదు. ఈ లోపాలన్నీ ఆ పత్రంలోనే వరసగా రాసి ఉంటాయి. స్లాటాచ్ అని ఒక ఆజ్ఞతో తీగను తగిలించి, ఐఎఫ్‌కాన్ఫిగ్‌తో రెండు చిరునామాలు రాసి, దేవుడికి దండం పెట్టుకోవడమే.

తర్వాత వచ్చిన పీపీపీ అసలైన తాండూరు వ్యాపారి. దాని ప్రమాణ పత్రం 1994 నాటిది. తీగ కలవగానే అది బేరం మొదలుపెడుతుంది. ఇవతలివాడు నా షరతులివీ అని ఒక జాబితా పంపుతాడు. అవతలివాడు అన్నీ ఒప్పుకుంటే సరే అంటాడు. ఒప్పుకోకపోతే రెండు రకాలు. ఒకటి, 'ఈ ధర కుదరదు, ఇంతైతే చెప్పు' అనడం. రెండోది, 'అసలా ఊసే వద్దు' అనడం. బండల యూనిట్ దగ్గర ఫుట్టుకు ధర మాట్లాడేటప్పుడు వినండి, ఈ మూడు జవాబులే వినిపిస్తాయి. పీపీపీలో ఇంకో చమత్కారం ఉంది. బేరంలో భాగంగానే ఇద్దరూ చెరొక యాదృచ్ఛిక సంఖ్యను పంపుకుంటారు, దాన్ని మాయా సంఖ్య అంటారు. నేను పంపిన సంఖ్యే నాకు తిరిగొస్తోందంటే అవతల ఎవరూ లేరు, తీగ చివర వంగి నా దగ్గరికే వచ్చిందని అర్థం. తన గొంతు తానే విని మురిసిపోకుండా కట్టుకున్న తాయెత్తు అన్నమాట. సభల్లో మాట్లాడే కొందరికి ఇది కట్టాలని నా ఆశ.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది, వీఎస్ఎన్ఎల్ ద్వారా. వికారాబాద్‌లో నా మోడెమ్ కూతపెట్టడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి లినక్స్ వేసుకుని, హైదరాబాద్‌కు ఎస్‌టీడీ కాల్ కొట్టి, ఆ కూత తర్వాత జరిగే బేరాన్నంతా లాగ్ ఫైల్లో వరస వరసా చదివేవాణ్ణి. బిల్లు పెరుగుతుంటే చదవడమేమిటని మా నాన్న అడిగేవాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడైతే ఉంది, ఆయన లేడు.

కాంటా కథ పారిటీతో అయిపోలేదు. ఒకసారి నమ్మకం పోయాక సేటు, "మా ఆఫీసుల గూడ బరువు కనిపించాలె" అన్నాడు. రోడ్డవతల ఆఫీసు. కాబట్టి ఇప్పుడు నెట్‌వర్క్ కార్డు వేయాలి. అది వేశాక దానికి పేరుండాలి, చిరునామా ఇవ్వాలి, ఆపైన 'లే' అని చెప్పాలి. యునిక్స్‌లో నిజంగానే అట్లా చెప్పాలి, ఐఎఫ్‌కాన్ఫిగ్ చివర 'అప్' అని రాయాలి. 1983లో బర్క్‌లీ యునిక్స్‌లో వచ్చిన ఆజ్ఞ అది. లినక్స్ వాళ్ళు ఇప్పుడు దాన్ని పక్కనపెట్టి ఐపీ అనే కొత్త ఆజ్ఞ వాడమంటున్నారు. బీఎస్‌డీ వాళ్ళు ఇంకా పాతదాన్నే చక్కగా సాకుతున్నారు. నా వేళ్ళు ఐఎఫ్ అని కొట్టేశాక నా మెదడు ఐపీ అని గుర్తుచేస్తుంది.

అక్కడ కూడా ఖాళీ కాంటాయే ఎదురైంది. కార్డుకు చిరునామా ఇచ్చాను. ఆ చిరునామాకు పింగ్ కొట్టి 'ఉన్నావా' అని అడిగాను. 'ఉన్నా' అని జవాబు క్షణంలో వచ్చింది. ఎంత వేగం! సంతోషపడబోతూ చూస్తే కేబుల్ ఇంకా నా చేతిలోనే ఉంది. తన చిరునామాకు తానే పంపుకున్న మాట యంత్రం గడప దాటదు, లోలోపలి లూప్‌బ్యాక్ దారిలో తిరిగి వచ్చేస్తుంది. అద్దంలో చూసుకుని ఊరంతా బాగుందనుకోవడమే. తెర మీద 'అప్' అన్న మాట కూడా అట్లాంటిదే. షట్టర్ ఎత్తాను అని మాత్రమే దానర్థం. గిరాకీ వచ్చిందని కాదు. తీగ అవతల ప్రాణం ఉందో లేదో చెప్పే మాట ఇంకొకటి పక్కనే ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

నెల తర్వాత కార్డును ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి మార్చితే ఆఫీసులో బరువులు ఆగిపోయాయి. పాత రోజుల్లో కార్డు ఎక్కడ పెట్టినా పేరు ఈటీహెచ్ జీరో. 2013 నుంచి లినక్స్‌లో కొత్త ఆచారం వచ్చింది, కార్డు ఏ గూట్లో ఉందో దాన్నిబట్టి పేరు. ఇల్లు మారితే ఇంటిపేరు మారినట్టు. నేను రాసిన చిరునామా పాత పేరుకు ఉండిపోయింది. ఆ పేరు గలవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఏ ఫిర్యాదూ లేదు, ఉన్నది నిశ్శబ్దం ఒక్కటే.

ఈ నిశ్శబ్దం గురించే నేను ఎక్కువ ఆలోచిస్తుంటాను. సీరియల్ తీగ మీద ఎవరూ మాట్లాడనప్పుడు అక్కడ ఏమీ ఉండదనుకుంటాం. కాదు. మాటలు లేనప్పుడు ఆ తీగ ఒక నిర్ణీత వోల్టేజి దగ్గర నిలబడి ఉంటుంది. తంతి కాలం నుంచి వచ్చిన అలవాటు అది. అప్పట్లో మాటలు లేని వేళ కూడా తీగలో కరెంటు పారుతూ ఉండేది. ఆ కరెంటు ఆగిందంటే ఎక్కడో తీగ తెగిందని ఇట్టే తెలిసేది. అంటే నిశ్శబ్దాలు రెండు. ఒకటి నిలబడి ఉన్న నిశ్శబ్దం, ఇంకోటి తెగిన నిశ్శబ్దం. ఇప్పుడు మా తీగ చివర వినేవాడికి రెండూ ఒకటే. తేడా తెలియాలంటే మీటర్ పెట్టి చూడాలి.

మా అమ్మకు మీటర్ లేదు గాని ఈ సంగతి తెలుసు. నేను హైదరాబాద్‌లో చదివేటప్పుడు, గది చేరగానే ఇంటి ఫోన్‌కు రెండు రింగులిచ్చి పెట్టేయాలని ఒప్పందం. డబ్బు ఖర్చు కాదు, చేరిన కబురు అందుతుంది. ఎప్పుడైనా ఆ రింగులు ఆలస్యమైతే ఆమె రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, గుయ్ మంటుందా లేదా చూసి పెట్టేసేది. గుయ్ మంటే ఫోన్ బతికే ఉంది, కొడుకే ఇంకా చేరలేదు. అనకపోతే ఫోన్ చచ్చింది, కొడుకు చేరే ఉంటాడు. రెండో రకం నిశ్శబ్దమే ఆమెకు హాయి. చిక్కల్లా ఆమె నిమిషానికోసారి ఎత్తి చూడటం. సరిగ్గా నేను డయల్ చేసిన వేళకు ఆమె రిసీవర్ చెవి దగ్గర ఉంటే నాకు ఎంగేజ్ వచ్చేది. పీపీపీలో ఈ పనికే ఒక ఏర్పాటుంది, నేను ముప్పై సెకన్లకోసారి పెట్టుకునేవాణ్ణి. ఉన్నావా అని అడుగుతుంది, వరసగా నాలుగుసార్లు జవాబు రాకపోతే లైన్ తెగిందని తేల్చి ఫోన్ పెట్టేస్తుంది. నాలుగుసార్లకు తేల్చేయడం అమ్మకు చేతకాలేదు.

రైలువాళ్ళు ఈ విషయంలో అందరికంటే తెలివైనవాళ్ళు. చిన్నప్పుడు చూసిన చెయ్యి సిగ్నల్ గుర్తుందా? చెయ్యి వాలితే బండి రావచ్చు, అడ్డంగా ఉంటే ఆగాలి. దాన్ని లాగే తీగ తెగిపోతే ఏమవుతుంది? బరువు కట్టి ఉంటుంది కాబట్టి చెయ్యి తనంతట తానే అడ్డంగా లేచి ఆగమంటుంది. పట్టాల్లో కరెంటు పారించి బండి ఉందో లేదో చూసే ఏర్పాటులోనూ అంతే. కరెంటు అందుతుంటేనే దారి ఖాళీ అని అర్థం. తీగ తెగినా, బండి నిలబడ్డా ఎరుపే. వాళ్ళ లెక్కలో నిశ్శబ్దమంటే ప్రమాదం. 'ఖాళీ' అన్న మాటను కూడా ఎవరో బతికి ఉండి, పనిగట్టుకుని చెప్పాలి.

రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ మా లైన్‌లోనే పెరిగింది. లింగంపల్లి, వికారాబాద్, వాడి, బీదర్ మధ్య దక్షిణ మధ్య రైల్వే దాన్ని ఏళ్ళ తరబడి పరీక్షించింది. ఇంజన్, స్టేషన్ రేడియోలో మాట్లాడుకుంటూ ఉంటాయి. పట్టాల మధ్య స్లీపర్లకు బిగించిన చిన్న ట్యాగులు 'నువ్వు ఇప్పుడు ఇక్కడున్నావు' అని చెప్తుంటాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఇంజన్ ఎక్కి పరీక్ష చూశారు. ముందున్న ఇంజన్‌కు 380 మీటర్ల ఇవతలే ఆ ఇంజన్ తనంతట తాను ఆగింది. గమనించండి, వాళ్ళు ఖాళీ పట్టా మీద బండి నడిపి బాగానే ఉందనలేదు. అదే పట్టా మీద నిజంగా ఇంకో ఇంజన్‌ను నిలబెట్టారు. నేను ఆ రాత్రి తాండూరులో చేయనిది అదే.

జవాబే రాని మాటలూ ఉంటాయి. మా జిల్లాలోనే, దామగుండం అడవిలో, నౌకాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. తిరునెల్వేలిలో 1990 నుంచి ఉన్నదాని తర్వాత ఇది రెండోది. సముద్రం లోపల ఉన్న జలాంతర్గాములకు కబురు పంపే కేంద్రం. నీళ్ళలోకి దిగాలంటే తరంగం చాలా మెల్లగా ఊగేదై ఉండాలి. అందుకని మాట కూడా సెకనుకు కొన్ని వందల బిట్లకు మించి పోదు, మా కాంటా తీగ అంతకన్నా ఎన్నో రెట్లు నయం. వేల ఎకరాల అడవిలో పెట్టడం నాకు ఇష్టం లేదు, మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. అయినా ఆ సంభాషణను తలచుకుంటే మాత్రం ఒళ్ళు గగుర్పొడుస్తుంది. లోపలివాళ్ళు ఆ దారిలో వింటారంతే, జవాబివ్వలేరు. పంపినవాడికి అందిందో లేదో తెలియదు. ఆ ఉద్యోగం చేసేవాళ్ళు రాత్రిళ్ళు ఇంటికెళ్ళి ఎట్లా నిద్రపోతారో.

ఇప్పుడు కాంటా పని ఏదొచ్చినా నా పద్ధతి మారింది. సున్నా చూపిస్తే చూడను. తూనికలు కొలతల శాఖవాళ్ళు ముద్ర వేయడానికి వచ్చినప్పుడు తెలిసిన బరువులు పెట్టి చూస్తారు, ఖాళీ కాంటా చూసి పోరు. నేనూ అంతే. అంకెల్లో 1, 2, 4, 7, 8 అన్నీ ఒక్కసారైనా వచ్చేదాకా లారీలు ఎక్కిస్తూనే ఉంటాను. ఒక్కోసారి ఏడు కోసం ముప్పావుగంట పడుతుంది. "ఏడు వస్తలేదు సార్, నేను ఎక్కాల్నా?" అని పిల్లగాడు తనే ఎక్కి నిలబడతాడు. వాడి బరువుకు కాంటా ఒకసారి యాభై, ఒకసారి అరవై అంటుంది తప్ప ఏడు మాత్రం ఇవ్వదు. '2400, 7, ఈవెన్, 1' అని పెద్ద అక్షరాలతో రాసి ఇండికేటర్ మూత లోపల అంటించాను. నేను లేకపోయినా వచ్చేవాడికి పనికొస్తుంది.

అరవై కిలోల చిట్టీని మాత్రం ఆ డ్రైవర్ తిరిగివ్వలేదు. క్యాబిన్‌లో దేవుడి పటం కింద అంటించుకున్నాడు. కాంటా మీదికి వచ్చినప్పుడల్లా దాన్ని వేలితో చూపించి, నా ఆరున్నర టన్నులు ఎప్పుడిస్తావని సేటును అడుగుతాడు.